సిట్రోయెన్ గ్జాంటియా: హైడ్రాలిక్ సస్పెన్షన్ పంపు ఇంట్లో విప్పొచ్చా?

లియోన్_శేఖర్
ఫ్రాన్స్

అందరికీ నమస్కారం. ఇక్కడ స్విఫ్టులు, ఇన్నోవాల మధ్య నా బండి కాస్త వింతగా కనిపిస్తుందేమో. 1997 మోడల్ సిట్రోయెన్ గ్జాంటియా, 1.9 టర్బో డీజిల్. మా వీధిలో ఒక పెద్దాయన చూపు ఆనక డ్రైవింగ్ మానేస్తూ, తుక్కుకి మాత్రం పంపొద్దన్న షరతు మీద నాకు చవగ్గా ఇచ్చారు.

ఈ కారుకి మామూలు స్ప్రింగులు ఉండవు. ఆయిల్ ప్రెషర్ మీద నిలబడుతుంది. స్టార్ట్ చేస్తే ఒంటెలా మొదట వెనక భాగం, తర్వాత ముందు భాగం లేస్తుంది. ఇప్పుడు ఆ లేవడమే కష్టమైపోయింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఎర్ర స్టాప్ లైటు చాలాసేపటిదాకా ఆరదు. స్టీరింగ్ తిప్పుతుంటే మధ్యమధ్యలో పట్టేసి వదులుతోంది. పంపు దగ్గర గరగరమని శబ్దం. పంపు ముందు భాగం, అంటే పుల్లీ వెనక, పచ్చటి ఆయిల్ చెమ్మ. పార్కింగ్‌లో నేల మీద కూడా మరకలు.

దగ్గర్లోని గ్యారేజీకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, "పంపు పోయింది, కొత్తది దొరకదు, ఇంత పాత బండికి ఖర్చు దండగ" అనేశారు.

నాకు గ్యారేజ్ ఉంది, పానాల సెట్టు, టార్క్ పానా, రెండు జతల స్టాండ్లు ఉన్నాయి. బ్రేకు ప్యాడ్లు, ఆల్టర్నేటర్ లాంటివి సొంతంగా మార్చుకుంటాను. ఈ పంపు విప్పి ఆయిల్ సీలు, ఓ-రింగులు వేసుకోవడం ఇంట్లో అయ్యే పనేనా?

సందేహాల_రావు
హైదరాబాద్

శేఖర్ గారూ, ఇది ఎయిర్ సస్పెన్షనే కదండీ? మా బావగారి పాత ఎస్-క్లాసులో కూడా ఇంతే, రాత్రికి కిందకి దిగిపోయేది. కంప్రెసర్ మార్చాక సెట్ అయింది. మీరు కూడా కంప్రెసర్ రిలే చూడండి ముందు.

కోవెంట్రీ_వాణి
యూకే

రావు గారూ, ఆ రెండూ వేరు. మీ బావగారిది ఎయిర్‌మాటిక్ అయ్యుంటుంది. అందులో కరెంటు కంప్రెసర్ గాలిని రబ్బరు బెలోస్‌లోకి, అంటే గాలి సంచుల్లోకి కొడుతుంది. శేఖర్ గారి బండిలో గాలి పంపే లేదు. ప్రతి చక్రం దగ్గరా ఇనుప గోళం ఉంటుంది, స్పియర్ అంటారు. దాని మధ్యలో రబ్బరు పొర. పొరకి ఒకవైపు నైట్రోజన్, ఇంకోవైపు ఆయిల్. గతుకులో పడ్డప్పుడు నలిగేది నైట్రోజన్, అంటే అదే స్ప్రింగు. కారు ఎత్తుని నిలబెట్టేది ఆయిల్. ఆ ఆయిల్‌ని నెట్టేది ఇంజిన్ బెల్టు మీద తిరిగే పిస్టన్ పంపు.

సిట్రోయెన్‌లో పాల్ మజెస్ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. 1954లో ట్రాక్షన్ 15-సిక్స్ కారుకి వెనక చక్రాలకి మాత్రమే పెట్టారు, 1955లో డీఎస్‌కి నాలుగు చక్రాలకీ వచ్చింది. రోల్స్ రాయిస్ వాళ్ళు కూడా సిల్వర్ షాడోకి లైసెన్సు కొనుక్కున్నారు. మా ఇంట్లో సిట్రోయెన్ వాళ్ళదే బీఎక్స్ కారు ఉంది, నాకు దీనితో చాలా ఏళ్ళ సహవాసం, అందుకే కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి.

శేఖర్ గారూ, అసలు విషయం. మీ కారులో సస్పెన్షన్, పవర్ స్టీరింగ్, బ్రేకులు మూడూ ఆ ఒక్క పంపు మీదే బతుకుతాయి. మామూలు కార్లలో బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ బూస్టర్ ఉండదు. ప్రెషర్ తగ్గినప్పుడు ఉన్నది మొదట బ్రేకులకి చేరేలా సేఫ్టీ వాల్వు ఉంది, నిజమే. కానీ స్టాప్ లైటు వెలుగుతుండగా దయచేసి రోడ్డెక్కకండి. గ్యారేజ్ దాకా కూడా వద్దు.

తర్వాత, ఈ పంపులు అంత తేలిగ్గా చావవు. ముందు మూడు సంగతులు చెప్పండి. ట్యాంకులో ఆయిల్ ఏ రంగులో ఉంది? నురగ ఉందా? ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా రెగ్యులేటర్ దగ్గర "టక్" అన్న శబ్దం ఎంతసేపటికోసారి వస్తోంది?

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

నేను సిట్రోయెన్ కారు చేత్తో ముట్టుకోలేదు. కానీ జేసీబీలు, టిప్పర్లు, క్రేన్ల హైడ్రాలిక్ పంపులు బాగుచేయడమే నా వృత్తి. శేఖర్ తమ్ముడు చెప్పిన లక్షణాలు చదివితే మాత్రం నాకు పంపు కంటే ముందు సక్షన్ లైను, అంటే ఆయిల్‌ని పంపులోకి లాగే గొట్టం మీద అనుమానం.

గరగర శబ్దం, స్టీరింగ్ పట్టి వదలడం, ఈ రెండూ కలిసి వచ్చాయంటే పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా మింగుతోందని. పల్లెటూరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. పొలం గట్టు మీద ఆయిల్ ఇంజిన్ పెట్టి పంపు తిప్పుతుంటే, సక్షన్ పైపు జాయింటులో సూదంత సందు ఉన్నా నీళ్ళు ఎక్కవు. జాయింటు చుట్టూ పేడ మెత్తితే ఠక్కున అందుకుంటుంది. పంపులో తప్పేమీ లేదు. మీ కారుదీ అదే కథ అయ్యుండొచ్చు.

ఇంకో విషయం. సక్షన్ వైపు లీకు ఉంటే ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి ఎక్కడా చెమ్మ కనపడదు. జనం చెమ్మ ఉన్నచోటే చూస్తారు, పొడిగా ఉన్న హోసుని పట్టించుకోరు.

లియోన్_శేఖర్
ఫ్రాన్స్

వాణి గారూ, బాబాయ్ గారూ, ఇంత త్వరగా జవాబిచ్చినందుకు థాంక్స్.

ఆయిల్ పచ్చగానే ఉంది, కాస్త మురికిపట్టిన పచ్చ. ఇంజిన్ నడుస్తుండగా మూత తీసి టార్చ్ వేసి చూశాను, మజ్జిగ చిలికినట్టు సన్న నురగ. లెవెల్ చూపే ఫ్లోటు బాగానే ఉంది, కారుని పై పొజిషన్‌లో పెట్టి, చాలాసేపటికి లేచిందిలెండి, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే చూశాను.

"టక్" శబ్దం అసలు రావట్లేదు. చెవి పెట్టి విన్నా లేదు.

కోవెంట్రీ_వాణి
యూకే

టక్ రావట్లేదంటే ప్రెషర్ కట్-ఆఫ్ దాకా ఎక్కట్లేదని. రెగ్యులేటర్ పని ఏంటంటే, ప్రెషర్ 170 బార్ దగ్గరికి చేరగానే పంపు ఆయిల్‌ని ట్యాంకుకి తిప్పేస్తుంది, 145 బార్‌కి పడగానే మళ్ళీ సిస్టమ్‌లోకి పంపుతుంది. అటూ ఇటూ మారే శబ్దమే ఆ టక్. మీది 170కి చేరకుండా పంపు ఆగకుండా శ్రమపడుతోంది.

నురగ ఉందన్నారు కాబట్టి బాబాయ్ గారు చెప్పిందే ముందు చేయండి. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే లావుపాటి రబ్బరు హోసు ఉంటుంది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, ఆ హోసు రెండు చివర్ల క్లిప్పుల చుట్టూ గ్రీజు దట్టంగా రాయండి. బెల్టుకి, ఫ్యాన్‌కి చెయ్యి దూరంగా. శబ్దం మారితే దొంగ దొరికినట్టే. మారకపోతే ఇంకో పరీక్ష ఉంది. ఆ హోసు తీసేసి, ఆయిల్ తట్టుకునే పారదర్శక గొట్టం ఒకటి తాత్కాలికంగా పెట్టి, శుభ్రమైన డబ్బాలోంచి నేరుగా పంపుకి ఆయిల్ ఇవ్వండి. రిటర్న్ మాత్రం పాత ట్యాంకులోకే పోతుంది కాబట్టి డబ్బా ఖాళీ కాకుండా కనిపెట్టుకోవాలి. గొట్టంలో బుడగలు లేకుండా ఆయిల్ పోతూ, కారు చకచకా లేచిందంటే పంపు ఆరోగ్యంగా ఉంది.

ట్యాంకు లోపల జల్లెడలు కూడా ఉంటాయి, మూతతో పాటు పైకి వస్తాయి. పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టి పెట్టండి. మూసుకుపోయిన జల్లెడ కూడా పంపుని ఇలాగే ఏడిపిస్తుంది.

డాలస్_చంటి
అమెరికా

మధ్యలో దూరుతున్నాను. నాది మెర్సిడెస్ ఎస్ఎల్500, అందులో ఏబీసీ అని ఇలాంటి హైడ్రాలిక్ సస్పెన్షనే ఉంటుంది. 1999లో సీఎల్ మోడల్‌తో మొదలుపెట్టారు. దాంట్లో స్టీలు స్ప్రింగులు ఉంటాయి, వాటి మీద హైడ్రాలిక్ సిలిండర్లు కూర్చుని బాడీ ఒరగకుండా ఆపుతాయి. ప్రెషర్ 200 బార్ దాకా పోతుంది. పంపు కూడా ఇంజిన్ బెల్టు మీదే, స్టీరింగ్ పంపుతో జంటగా.

వాణి గారు "ఈ పంపులు తేలిగ్గా చావవు" అన్నారు. మా వాటి విషయంలో అలా అనలేను. నా బండి హైవే మీద ఉండగా హై ప్రెషర్ హోసు పగిలింది. ఎగ్జిట్ దొరికి ఆపేలోపు ట్యాంకు ఖాళీ, పంపు ఎండుగా తిరిగి గీతలు పడిపోయింది. డీలరు చెప్పిన ధర వేల డాలర్లలో. రీబిల్ట్ పంపు తెచ్చి ఇంట్లోనే బిగించుకున్నా. అందుకే అంటున్నా, శేఖర్ గారూ, పరీక్షలు చేయండి కానీ పంపు మీద ఆశ మరీ ఎక్కువ పెట్టుకోవద్దు. గాలి మింగుతూ చాలాకాలం తిరిగిన పంపు లోపల ఎలా ఉందో విప్పితే గానీ తెలీదు.

కోవెంట్రీ_వాణి
యూకే

చంటి గారూ, మీ పంపుకీ దీనికీ తేడా ఉంది. మీది ఎండుగా తిరిగింది. శేఖర్ గారిది నురగతో తిరిగింది, లూబ్రికేషన్ కొంతైనా ఉంది. పైగా సిట్రోయెన్ వాళ్ళు ఈ పంపుని దశాబ్దాల పాటు చిన్నచిన్న మార్పులతో కొనసాగించారు. వంపుగా ఉన్న ప్లేటు తిరుగుతూ చిన్న పిస్టన్లని ఒకదాని తర్వాత ఒకటి నెడుతుంది, స్ప్రింగులు వాటిని వెనక్కి తెస్తాయి. అంతే. మీ గ్జాంటియా లాంటి బండ్లలో ఎనిమిది పిస్టన్లు, ఆరు స్టీరింగ్ కోసం, రెండు మిగతా వాటికోసం. రెండే ఉన్నాయి కాబట్టే కొంచెం గాలి కలిసినా కారు లేవడం అంత ఆలస్యం అవుతుంది.

కిట్టు_రేసర్
గుంటూరు

ఇంత రామాయణం ఎందుకు సార్. పచ్చ ఆయిల్ దొరక్కపోతే డాట్ 4 బ్రేక్ ఆయిల్ పోసేయండి. బ్రేకులు కూడా దాంతోనే కదా నడిచేది.

కోవెంట్రీ_వాణి
యూకే

వద్దు వద్దు వద్దు. కిట్టు, ఇది చదివి ఎవరైనా నిజంగా పోస్తే ఆ కారు బ్రేకులతో సహా పోతుంది. ఇందులో వాడేది ఎల్‌హెచ్‌ఎం, మినరల్ ఆయిల్. డాట్ 4 గ్లైకాల్ జాతి. ఒకదానికి చేసిన రబ్బరు ఇంకోదానిలో బతకదు. 1960ల చివర్లో ఎల్‌హెచ్‌ఎం వచ్చినప్పుడు సిట్రోయెన్ వాళ్ళు విడిభాగాలకి ఆకుపచ్చ రంగు వేసి వేరు చేసింది కూడా ఈ కలగాపులగం జరగకూడదనే. తర్వాత వచ్చిన సీ5లో ఎల్‌డీఎస్ అనే నారింజరంగు ఆయిల్, అది కూడా దీంట్లో పోయకూడదు.

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. దానికి నేను ఇంకో మాట కలుపుతాను. ఓ-రింగుల దగ్గర కూడా ఇదే తంటా. నైట్రైల్ రబ్బరు మినరల్ ఆయిల్‌కి పనికొస్తుంది. బ్రేకు సామానులో వాడే ఈపీడీఎం రబ్బరు మినరల్ ఆయిల్లో ఉబ్బిపోతుంది. చూడ్డానికి రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి, షాపులో డబ్బాలు మారిపోతే ఎవరూ కనిపెట్టలేరు. అనుమానం ఉంటే అదే సైజుది ఒకటి అదనంగా కొని, మీరు వాడే ఆయిల్లో రెండు మూడు రోజులు ముంచి ఉంచండి. ఉబ్బి మెత్తబడితే పారేయండి. నేను కొత్త షాపులో కొన్నప్పుడల్లా ఈ పరీక్ష చేస్తాను.

కిట్టూ, నువ్వు కుర్రాడివి, నీకు తెలియక అడిగావు, ఏం పర్లేదు. కానీ హైడ్రాలిక్‌లో "ఏదో ఒక ఆయిల్" అనే మాట లేదు.

లియోన్_శేఖర్
ఫ్రాన్స్

అప్‌డేట్. గ్రీజు పరీక్షలోనే తేలిపోయింది! ట్యాంకు వైపు క్లిప్పు చుట్టూ గ్రీజు రాయగానే గరగర సగానికి తగ్గింది. హోసు తీసి చూస్తే క్లిప్పు కింద రబ్బరు చుట్టూ పగుళ్ళు. వంచితే నోరు తెరుస్తున్నాయి, వదిలితే మూసుకుంటున్నాయి. బయటికి ఒక్క చుక్క లేదు, బాబాయ్ గారు చెప్పినట్టే.

కొత్త హోసు, కొత్త క్లిప్పులు వేశాను, జల్లెడలు కడిగాను, ఒకదాన్నిండా నల్లటి ముద్ద. ఇప్పుడు స్టాప్ లైటు త్వరగా ఆరిపోతోంది. స్టీరింగ్ మెత్తగా ఉంది. టక్ కూడా వినిపిస్తోంది.

కానీ పుల్లీ వెనక చెమ్మ తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇప్పుడు చుక్క చుక్కగా కారుతోంది, బెల్టు తడిసిపోతోంది. ఫ్రాన్స్‌లో రెండేళ్ళకోసారి కారుకి టెక్నికల్ తనిఖీ ఉంటుంది, నాది దగ్గర పడింది, కాస్త టెన్షన్‌గా ఉంది. అంటే పంపు విప్పక తప్పదా?

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

తప్పదు, కానీ ఇప్పుడు విప్పేది వేరే ధీమాతో. ప్రెషర్ వస్తోంది, టక్ వస్తోంది, అంటే పిస్టన్లు, వాల్వులు బాగున్నాయి. మార్చాల్సింది ముందున్న షాఫ్టు ఆయిల్ సీలు ఒక్కటే, మహా అయితే వెనక మూత ఓ-రింగు. పిస్టన్ల జోలికి పోకండి. నిన్నటిదాకా ఆ సీలు సందులోంచి కూడా గాలి పోయి ఉంటుంది, ఇప్పుడు ఆయిల్ బాగా అందుతోంది కాబట్టి బయటికి వస్తోంది.

కోవెంట్రీ_వాణి
యూకే

సరే, నేను బీఎక్స్ మీద చేసే పద్ధతి రాస్తాను, గ్జాంటియాలో బోల్టుల చోటు కాస్త మారినా దారి ఒకటే.

మొట్టమొదటిది, కారు తన సస్పెన్షన్ మీద తాను నిలబడి ఉండగా కిందకి దూరడం అనేది ఉండకూడదు. ప్రెషర్ పోయిన క్షణంలో మొత్తం కారు నేలకి దిగుతుంది, మనిషి అడ్డం ఉన్నాడా అని చూడదు. కింద పని ఉంటే పై పొజిషన్‌లోకి ఎత్తి, స్టాండ్లు పెట్టి, ఆ తర్వాతే ప్రెషర్ వదలాలి. జాకీ లెక్కలోకి రాదు.

ప్రెషర్ వదలడానికి, ఇంజిన్ ఆపి, ఎత్తు మార్చే లివర్‌ని కింది పొజిషన్‌లో పెట్టండి. తర్వాత రెగ్యులేటర్ మీద ఉన్న బ్లీడ్ స్క్రూ, తల 12 ఎంఎం, ఒక చుట్టు వదులు చేయండి. పూర్తిగా ఊడదీయకండి, లోపల చిన్న బంతి ఉంటుంది, దొర్లిపోతే ఇంజిన్ బే అంతా వెతుక్కోవాలి. ఆయిల్ ట్యాంకులోకి పోతున్న బుస్సుమనే శబ్దం ఆగేదాకా ఆగండి. బ్రేకు చాలాసార్లు తొక్కండి, వెనక మిగిలిన ప్రెషర్ కూడా పోవాలి.

పంపు చుట్టూ బాగా కడిగి ఆరనివ్వండి. ఇది బద్ధకించే చోటు కాదు. ఈ సిస్టమ్‌లో వాల్వుల సందులు మైక్రాన్లలో ఉంటాయి, ఒక్క ఇసుక రేణువు చాలు. ట్యాంకు లోని ఆయిల్ సిరంజితో లాగేయండి. పుల్లీ బోల్టుల్ని బెల్టు ఉండగానే వదులు చేసుకుంటే సులువు, బెల్టు తీశాక పుల్లీ మీతో పాటు తిరుగుతుంది. తర్వాత బెల్టు, సక్షన్ హోసు, ఇనుప పైపులు, పంపు బోల్టులు. విప్పిన ప్రతి రంధ్రానికీ అప్పటికప్పుడే మూత పెట్టండి.

ఇనుప పైపుల చివర్ల సన్నటి రబ్బరు స్లీవులు ఉంటాయి, అవి తప్పకుండా కొత్తవి. వాటిని సీల్ చేసేది నట్టు బిగింపు కాదు, ఆయిల్ ప్రెషరే వాటిని అదుముతుంది. కారుతోందని నట్టుని ఇంకా ఇంకా బిగిస్తే పైపు నలుగుతుంది తప్ప లీకు ఆగదు.

డాలస్_చంటి
అమెరికా

అద్భుతంగా రాశారు. మా ఏబీసీ పంపులకి పైపుల దగ్గర అల్యూమినియం వాషర్లు, అవి కూడా ఒక్కసారి వాడి పారేయాల్సినవే. పాతవే తిరగేసి వేసిన వాళ్ళు మళ్ళీ విప్పుకున్నారు, నాకు తెలిసిన వాళ్ళలోనే ఇద్దరు.

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

లీకు వెతికేటప్పుడు వేలు పెట్టి తడమొద్దు. ఇది వాణమ్మ రాసిన దాంట్లో లేదు, అందుకే విడిగా రాస్తున్నా. 150 బార్ మీద సూది రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ కంటికి కనపడదు, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మా షెడ్ల వైపు ఒక కుర్రాడికి అలాగే జరిగింది. చిన్న చుక్క గాయం, నొప్పి కూడా లేదని కట్టు కట్టుకుని పనిలోకి దిగాడు. రాత్రికి చెయ్యి ఉబ్బిపోయింది. ఆపరేషన్ చేసి కోసి శుభ్రం చేస్తే గానీ చెయ్యి దక్కలేదు. అట్టముక్క పట్టుకుని వెతకండి, తడి అట్ట మీద పడుతుంది. ఒకవేళ గుచ్చుకుంటే, గాయం ఎంత చిన్నదైనా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళి, "హై ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పాలి. మామూలు గుచ్చుకున్న గాయం అనుకుంటే టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారు.

సందేహాల_రావు
హైదరాబాద్

భయపెట్టేస్తున్నారు బాబాయ్ గారూ! ఒక డౌటు. మా ఆఫీసులో ఒకాయన సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్ కొన్నారు. షోరూమ్ వాళ్ళు హైడ్రాలిక్ కుషన్లు అన్నారు. దానికి కూడా ఇలా పంపు, గోళాలు ఉంటాయా? రేపు పాడైతే ఆయన గతి ఏంటి?

కోవెంట్రీ_వాణి
యూకే

లేవు, ఆయన్ని నిశ్చింతగా ఉండమనండి. అది మామూలు స్ప్రింగు, డాంపరే, అంటే షాక్ అబ్జార్బరే. డాంపరు లోపల, రెండు చివర్లలో అదనంగా హైడ్రాలిక్ స్టాపులు పెట్టారు, పెద్ద గుంటలో పడ్డప్పుడు ఢక్కుమనకుండా మెల్లగా ఆపుతాయి. పంపు లేదు, ట్యాంకు లేదు, ఎత్తు మార్చే లివరూ లేదు. శేఖర్ గారి బండిలో ఉన్నలాంటి గ్యాసు, ఆయిల్ సస్పెన్షన్, అంటే అసలైన హైడ్రోన్యుమాటిక్, 2017తో ఆగిపోయింది.

వేదిక_నిర్వాహకుడు

రావు గారూ, ఎయిర్‌క్రాస్ గురించి విడిగా చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ పంపు పని కానివ్వండి.

లియోన్_శేఖర్
ఫ్రాన్స్

పంపు బల్ల మీదకి వచ్చింది. తీయడం కంటే దాని చుట్టూ కడగడానికే ఎక్కువ సేపు పట్టింది. కోడిగుడ్ల అట్ట పెట్టెలో బోల్టులు వరసగా పెట్టుకున్నాను.

పాత సీలు రాయిలా గట్టిపడిపోయింది. దాని ఇనుప అంచులో చిన్న స్క్రూ దింపి, కటింగ్ ప్లేయరుతో లాగితే వచ్చేసింది. లోపల శుభ్రంగానే ఉంది, షాఫ్టు తిప్పితే పిస్టన్లు ఒకదాని వెనక ఒకటి కదలడం చేతికి తెలుస్తోంది. బేరింగు ఊగట్లేదు.

సమస్య ఏంటంటే, సీలు పెదవి ఆనే చోట షాఫ్టు మీద సన్నటి గీత అరిగి ఉంది. గోరుకి కొంచెం తగులుతోంది. ఎమరీ పేపరుతో నున్నగా చేయొచ్చా?

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

ఎమరీ పేపరు ఆ గదిలోకే రానివ్వకండి! దాని పొడి లోపలికి పోతే మనం ఇంతసేపు కాపాడుకుంటున్న పిస్టన్లకి ముప్పు. పైగా చేత్తో రుద్దితే షాఫ్టు గుండ్రం చెడుతుంది, ఇంకా కారుతుంది.

గోరుకి కొంచెమే తగులుతోందంటే పర్లేదు. సీలు కూర్చునే గూడు లోతుగా ఉంటే, కొత్త సీలుని పాతదాని కంటే ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి గానీ బయటికి గానీ కూర్చోబెట్టండి. పెదవి అరగని చోట ఆనుతుంది. సీలు వెనక బేరింగుకి ఆయిల్ పోయే దారి ఉంటే దాన్ని మూసేయకుండా చూసుకోండి. గూడులో అంత చోటు లేకపోతే, షాఫ్టు మీద తొడిగే పల్చటి స్టీలు స్లీవులు బేరింగు షాపుల్లో దొరుకుతాయి, మా దగ్గర జేసీబీలకి వాడతాం.

బిగించేటప్పుడు పెదవికి అదే పచ్చ ఆయిల్ రాయండి. షాఫ్టు చివర గాడి పదునుగా ఉంటే దాని మీద పల్చటి ప్లాస్టిక్ చుట్టి సీలు జార్చండి, లేకపోతే పెదవి అక్కడే కోసుకుపోతుంది. సీలు బయటి చుట్టుకొలతకి సరిపోయే సాకెట్ ఆనించి మెల్లగా కొట్టండి, ఒక పక్క దిగి ఇంకో పక్క లేవకూడదు.

డాలస్_చంటి
అమెరికా

విప్పారు కదా, వెనక మూత కూడా తీసి పిస్టన్లు, వాల్వులు చూసేస్తే ఒక పని అయిపోతుంది కదా? మళ్ళీ మళ్ళీ విప్పే పని కాదు ఇది.

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

చంటీ, మీ మాటలో న్యాయం ఉంది, కానీ నేను ఒప్పుకోను. ప్రతి పిస్టను దాని సిలిండరుకి జతగా అరిగి కూర్చుని ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి పడితే బాగున్న పంపు బలహీనమవుతుంది. ప్రెషర్ రాని పంపుని విప్పడంలో అర్థం ఉంది, దానికి పోయేదేమీ లేదు. దీనికి ప్రెషర్ వస్తోంది. వెనక మూత ఓ-రింగు దగ్గర చెమ్మ ఉంటేనే ఆ మూత తీయాలి, అప్పుడు కూడా నంబర్లు వేసుకుని.

కోవెంట్రీ_వాణి
యూకే

ఇక్కడ నేను బాబాయ్ గారి పక్షం. పంపుని తలకిందులు చేయకుండా, వెనక మూత పొడిగా ఉందో లేదో చూసి వదిలేయండి.

తిరిగి బిగించాక ఎండుగా స్టార్ట్ చేయకండి. సక్షన్ గొట్టంలోంచి పంపులోకి ఆయిల్ పోసి, పుల్లీని చేత్తో తిప్పుతూ బుడగలు రావడం ఆగేదాకా నింపండి. రెగ్యులేటర్ బ్లీడ్ స్క్రూ వదులుగానే ఉంచి స్టార్ట్ చేయండి. అలా ఉంటే పంపుకి బరువు ఉండదు, ఆయిల్ తిరిగి ట్యాంకుకే పోతుంది, గాలి వెళ్ళిపోతుంది. శబ్దం సమంగా అయ్యాక స్క్రూ బిగించండి. అర నిమిషం గడిచినా శబ్దం మారకపోతే ఇంజిన్ ఆపి మళ్ళీ నింపండి, యాక్సిలరేటర్ మాత్రం తొక్కొద్దు. ట్యాంకు లెవెల్ వేగంగా పడుతుంది, పక్కనే డబ్బా పట్టుకుని ఒక మనిషి ఉండాలి.

ఆ తర్వాత లివర్‌ని కింది పొజిషన్ నుంచి పైకి, పై నుంచి కిందికి కొన్నిసార్లు నడిపించండి. ఇంగ్లండులో మేం దీన్ని "సిట్రోబిక్స్" అంటాం, కారు చేత ఎక్సర్‌సైజ్ చేయించడం అన్నమాట. పైపుల్లో మిగిలిన గాలి ట్యాంకుకి వచ్చేస్తుంది. చూడ్డానికి వచ్చిన పక్కింటి పిల్లలకి ఇదే నచ్చుతుంది.

లియోన్_శేఖర్
ఫ్రాన్స్

అయిపోయింది!

సీలుని మిల్లీమీటరున్నర బయటికి కూర్చోబెట్టాను, పెదవి నున్నటి చోట ఆనింది. వెనక మూత పొడిగా ఉంది, ముట్టుకోలేదు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పంపు అందుకోలేదు, ఆపి మళ్ళీ నింపాను. రెండోసారి గరగర వచ్చి, ఒక్కసారిగా సద్దుమణిగింది. మా ఆవిడ డబ్బా పట్టుకుని పోస్తూనే ఉంది, "ఇది కారా, బర్రెకి కుడితి పెట్టడమా" అంది.

పుల్లీ వెనక టిష్యూ పేపరు కట్టి ఊరి చుట్టూ తిరిగొచ్చాను, పొడిగా ఉంది. కొత్త బెల్టు కూడా వేశాను, పాతది ఆయిల్ తాగి ఉబ్బింది. కారు స్టార్ట్ చేస్తే మా అబ్బాయి ఒకటి రెండు లెక్కపెట్టేలోపే వెనక లేస్తోంది. పాత ఆయిల్, తుడిచిన గుడ్డలు ఊరి చెత్త సేకరణ కేంద్రంలో ఇచ్చేశాను, ఇక్కడ మామూలు చెత్తలో వేయనివ్వరు.

ఖర్చు, సీలు, స్లీవులు, హోసు, బెల్టు, ఐదు లీటర్ల ఆయిల్ కలిపి, గ్యారేజీలో ఒక పూట కూలీ కంటే తక్కువే అయింది.

ఒక్క సంగతి మిగిలింది. టక్ ఇప్పుడు మరీ ఎక్కువగా వస్తోంది. ఐడిల్‌లో, ఏమీ ముట్టుకోకుండా ఉన్నా, నాలుగైదు సెకన్లకోసారి.

కోవెంట్రీ_వాణి
యూకే

శభాష్! టక్ విషయం చాలా మామూలు. రెగ్యులేటర్ మీదే ఒక స్పియర్ ఉంటుంది, మెయిన్ అక్యుమ్యులేటర్ అంటాం. అందులో నైట్రోజన్ తగ్గిపోతే ప్రెషర్ దాచుకునే చోటు ఉండదు, చిటికెలో 170కి ఎక్కి చిటికెలో 145కి పడుతుంది. బాగున్న దానికి అర నిమిషం పైనే పట్టాలి. ఇంతకుముందు పంపు కట్-ఆఫ్ దాకానే చేరలేదు కాబట్టి ఇది బయటపడలేదు. అలాగే వదిలేస్తే పంపు, రెగ్యులేటర్ రెండూ ఊరికే అరుగుతాయి, ఇంజిన్ ఆగిపోతే బ్రేకులకి నిల్వ కూడా తక్కువ. త్వరగా మార్చండి.

దాని ఛార్జి 62 బార్. కొనేటప్పుడు ఈ అంకె చూసుకోండి, చక్రాల స్పియర్లవి వేరు. ప్రెషర్ పూర్తిగా వదిలాక చైన్ పానాతో కదిలించండి. కొత్తది చేత్తోనే బిగించాలి, రబ్బరు రింగుకి ఆయిల్ రాసి. పానా వేసి బిగిస్తే వచ్చేసారి మీరే తిట్టుకుంటారు.

ఆటోనగర్_బాబాయ్
విజయవాడ

పాత స్పియర్‌లో పొర బాగుంటే మళ్ళీ గ్యాస్ నింపించుకోవచ్చేమో కనుక్కో తమ్ముడూ. మా దగ్గర రాళ్ళు పగలగొట్టే బ్రేకర్లకి ఇలాంటి అక్యుమ్యులేటర్లే, వాటికి నైట్రోజన్ నింపే షాపులు ఉన్నాయి. నైట్రోజన్ తప్ప ఇంకోటి ఒప్పుకోకు. ఆక్సిజన్ సిలిండరు తగిలిస్తే ఆయిల్‌తో కలిసి పేలుతుంది.

లియోన్_శేఖర్
ఫ్రాన్స్

కనుక్కున్నాను బాబాయ్ గారూ. పాతది తీసుకుని నింపినది ఇచ్చే షాపు ఇక్కడ ఒకటి ఉంది, 62 బార్‌ది ఆర్డరు పెట్టాను, చైన్ పానా పొరుగాయన ఇస్తానన్నారు. అది వచ్చేదాకా బండి గ్యారేజ్‌లోనే. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కారు పుస్తకంలో లేదు, దాని గురించి ఇంకో చర్చ మొదలుపెడతాను, అక్కడికి కూడా రండి.